తరుగు

ఆదోని మార్కెట్ యార్డులో నాది కాటా ఉద్యోగం.
పత్తి బోరేలు ఒకదాని ఎనక ఒకటి వచ్చి కూచుంటాయి,
అంకె పడతాది, రాస్తాను, లేస్తాయి.
మంచు దినాల్లో పత్తి నీళ్లు తాగి బరువెక్కుతాది,
దానికి తరుగు తీస్తారు.
రైతు గొణుగుతాడు. నేను తల ఎత్తను.

ఎందుకంటే అప్పటికే ఆ పొద్దు
నాకు నేను తరుగు తీసుకుని వచ్చుంటాను.

స్నానాల గది మూలన గాజు కాటా.
ముక్కుపుడక కూడా తీసి గూట్లో పెట్టి,
ఉన్న ఊపిరంతా బయటికి వదిలి ఎక్కేదాన్ని,
ఊపిరికీ బరువుంటాదేమోనని.
డెబ్బై ఒకటి పాయింట్ నాలుగు.
ఆ పాయింట్ నాలుగు దినమంతా
అప్పులోడి మాదిరి నా ఎనకాలే తిరిగేది.

జీలకర్ర నీళ్ల ఏడు ఒకటి.
అన్నం ముట్టని ఏడు ఒకటి.
పొద్దు గూకితే నోటికి తాళమేసిన ఏడు ఇంకొకటి.
మా జేజి చట్టిలో ఒండిన కొర్రలే
డబ్బాలో పొడై, మూతకు సీలేసుకుని,
ఆరునూర్ల రూపాయలై తిరిగొచ్చినాయి.
చెంచా మీది గీత దాటకుండా కలుపుకుని తాగినా.
జేజి ఏనాడూ కొలవలేదు.
"కడుపు చెప్తాది లేమ్మే" అనేది.
అది చెప్తానే ఉన్నింది.
ఆకలైతే నీళ్లు తాగమన్నారు,
తాగి తాగి దాని గొంతు నేనే ముంచినా.

పెండ్లి బంతిలో ఓళిగ మీద నెయ్యి పోస్తాంటే
ఆకుకు చెయ్యి అడ్డం పెట్టి "వద్దొద్దు" అని నవ్వి,
మూట కట్టిచ్చిన అవే ఓళిగలు
రాత్రి ఒంటిగంటకు ఫ్రిజ్జు వెలుగులో నిలబడి
నాలుగు తిన్నా, తీపి తెలీకుండా,
నా ఇంట్లో నేనే దొంగనై.

మొన్న కార్తీకంలో, లారీలు గేటు దాకా బారు తీరిన దినం
రాలిన పత్తి ఏరే మాబున్ని
గోడ నీడలో సద్ది ఇప్పింది.
జొన్నరొట్టె, గురెళ్ల కారం, ఎర్రగడ్డ.
"ఆకలైతాందా మేడం? రా, తిందువు."

నేను ఫోను తీసి టైం చూసినా.

"గడియారాన్ని కాదు,
నిన్ను అడిగితి."

క్వింటాళ్ల లెక్క నోటితో చెప్పే మనిషిని,
ముప్పైతొమ్మిదేండ్లదాన్ని,
నాకు ఆకలైతాందో లేదో
నాకు తెలీలేదు.

ఆరిపోయిన రొట్టె, అంచు గట్టిగా ఉంది.
ముందర గురెళ్ల చేదు, ఎనకాల ఎల్లిపాయ.
నమిలేకొద్దీ జొన్న తియ్యగా మారింది;
ఆ సంగతి ఎప్పుడు మర్చిపోయినానో!
ఒకటిన్నర కాడ లోపల ఎవరో "సాలు" అన్నారు,
పక్కింటి గోడ అవతల నుంచి
మెల్లగా పిలిచినట్టు.
చేతిలో మిగిలిన సగం
పాపమూ కాదు, పుణ్యమూ కాదు,
సగం రొట్టె.
మాబున్ని తీసుకుని తినేసింది.

ఆ రాత్రి చూసినా,
ఎనిమిదో క్లాసు చదివే నా కూతురు
పళ్లెంలో అన్నాన్ని చెంచాతో గీత గీసి
సగం పక్కకు తోస్తాంది.
నేను నేర్పలేదు.
గూట్లో ముక్కుపుడక పెట్టే చప్పుడు
తలుపు అవతల ఇన్నేండ్లు వినుంటాది.

గాజు కాటాను పాతసామాన్లోడికి ఏసినా.
వాడు దాన్ని తక్కెడలో పెట్టి,
"అద్దం ఉంది కదమ్మా, తరుగు పోతాది" అన్నాడు.
నవ్వొచ్చింది, ఆగకుండా వచ్చింది,
వాడు బెదిరి ఇంకో పది రూపాయలిచ్చినాడు.

అయిపోయిందని చెప్పను.
కొన్ని పొద్దులు కాళ్లు ఆ మూలకే పోతాయి;
అక్కడ నేల మీద చదరంగా తెల్లటి మచ్చ,
దాని మీదే నిలబడతా కాసేపు.
పాప ఇంకా గీత గీస్తానే ఉంది, రోజూ కాదు.

ఈ పొద్దు నాలుగు గంటలకు
యార్డు గేటు కాడ ఉగ్గాని తిన్నా, బజ్జీలు రెండు.
మూడోది పొగలు కక్కుతా పేపర్ మీద ఉంది.
కావాలా అని అడిగినా.
జవాబు వెంటనే రాలేదు.
లారీ హారన్ కొడతాన్నా
కదలకుండా కూచున్నా.